తలకిందుల జెండా

విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజుల్లో, మా చర్చి సంఘంలో చేపలమ్మే పెద్దమ్మ ఒకామె ఉండేది. ఏం చెప్పినా "అంటే ఏటి?" అని అడిగేది. ఒక ఆగస్టు పదిహేనున చర్చి ముందు జెండా ఎగరేసి, కాషాయం త్యాగమనీ తెలుపు సత్యమనీ ఆకుపచ్చ పంటలనీ సండేస్కూలు పిల్లలకు చెబుతున్నాను.

"మరి మా సముద్రమేది టీచరమ్మా?" అంది పెద్దమ్మ వెనకనుంచి.

"చక్రం నీలం కదా, అదే" అన్నాను. ఆమె మురిసిపోయింది. ఆ ఉత్సాహంలో, ఆపదలో ఉన్న ఓడవాళ్లు జెండాను తలకిందులుగా కడతారని కూడా చెప్పాను.

ఆ ఏడాది తుఫానులో ఆమె కొడుకు పడవ తిరిగి రాలేదు. నాలుగో రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఒడ్డున వెదురుకర్రకు జెండా కట్టి ఉంది, ఆకుపచ్చ పైకి. కానిస్టేబులు కేకలేస్తున్నాడు.

"జెండాని అవమానం సేత్తావేటే? తీసీ!"

"అవమానమేటి బాబూ? ఆపదొచ్చిందని సెప్తన్నాను. అవిగో ఓడలు, సూసి రారేటి?"

రేవులో చోటు కోసం దూరాన ఆగిన ఓడలు కదల్లేదు. ఆ గుర్తు మునిగే పడవ మీద ఉండాలి, ఒడ్డున కాదు. ఆ మాట చెప్పాల్సింది నేనే. కానీ కానిస్టేబులు కర్ర పీకబోతుంటే దాన్ని రెండు చేతులా పట్టుకుని, "ప్రభువా, నువ్వైనా చూడు" అని ఏడ్చాను.