చెంచాతో తాపమన్న గొంతు

దయ్యాల కథలు చెబితే నవ్వేసే మనిషిని నేను. ముళబాగిలు దగ్గర మా పల్లెలో ఎవరికో గాలి సోకిందని మంత్రం వేయిస్తుంటే, ముందు జ్వరానికి మాత్ర ఇవ్వండని పోట్లాడినదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది మాత్రం జరిగింది.

తొంభైల మధ్యలో మా ఆయనకు పట్నం శివార్లలో, హెబ్బగోడి వైపు ఫ్యాక్టరీలో పని దొరికింది. వరసగా కట్టిన రేకుల గదుల్లో చివరిది మాకిచ్చారు. అందరికీ ఒకటే కొళాయి, దాని పక్కనే మురుగు పారే మోరీ. గిన్నె మీద మూత తీస్తే చాలు, ఈగలు. మా పాపకు అప్పటికింకా కూర్చోవడం రాదు. నా పాలు చాలడం లేదేమోనని డబ్బాపాలు కూడా సీసాతో పట్టేదాన్ని.

గదిలో దిగిన వారంలోనే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాపితే ఇంకా ఎక్కువవుతాయని, కడుపు ఎండబెట్టమని కొళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పారు. మధ్యాహ్నానికి పాప ఏడుపు కూడా సన్నబడింది. ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఏం చేయాలో తోచక, బిడ్డను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అప్పుడు గోడ అవతలి నుంచి ఒక పెద్దావిడ గొంతు వినబడింది. అచ్చం మా పల్లె యాస.

"ఆ సీసా తీసి పక్కన పెట్టమ్మా. రబ్బరు తిప్పి చూడు, లోపల ఏముండాదో."

వెనక వైపు కూడా గదులున్నాయని, ఏడుపు విని ఎవరో పలకరించారని అనుకున్నాను. రబ్బరు పీకను తిప్పి చూశాను. రోజూ కడిగేదాన్నే, అయినా లోపల నల్లగా జిగురు పట్టి ఉంది.

చెంబెడు నీళ్లు కాచి చల్లార్చమంది. గుప్పెడు చక్కెర, చిటికెడు ఉప్పు వేయమంది.

"నోట్లో వేసుకుని చూడు. కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. చెంచాతో తాపు. కక్కితే కొంచేపు ఆగి మళ్లీ తాపు. రొమ్ము మాత్రం మానద్దు."

చెప్పినట్టే చేశాను. నేను అలసి ఆగినప్పుడల్లా "ఇంకో చెంచా" అనేది. కాసేపటికి పాప నాలుకతో పెదాలు తడుపుకుంది. అప్పుడు ఆ గొంతు కాస్త గట్టిపడింది.

"కండ్లు లోపలికి పోయుండాయి. ఆస్పత్రికి ఎత్తుకుపో. దారిలో కూడా తాపతా పో."

గోడ అవతలి మనిషికి పాప కళ్లు ఎలా కనిపించాయో ఆ క్షణంలో నాకు తట్టలేదు. చెంబు పట్టుకుని ఆటో ఎక్కాను. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. నీళ్లు తాపుతూ తెచ్చావు కాబట్టే బిడ్డ దక్కిందని డాక్టరమ్మ చెప్పింది.

పాప కోలుకున్నాక, అరటిపళ్లు, పూలు తీసుకుని ఆవిడకు దండం పెట్టి వద్దామని నేనూ మా ఆయనా గోడ వెనక్కి వెళ్లాం. అక్కడ గది లేదు. మోకాలెత్తు గడ్డి, దూరంగా నీలగిరి చెట్ల తోపు, అంతే. ఓనరమ్మను అడిగితే, ఆ పక్క ఎప్పుడూ ఇల్లే కట్టలేదంది. మా వరసలో మా యాస మాట్లాడేవాళ్లూ ఎవరూ లేరు.

నిద్ర లేక, దిగులుతో నీకు నువ్వే చెప్పుకుని ఉంటావని కొందరంటారు. నాకు తెలియని సంగతులు నాకు నేను ఎలా చెప్పుకుంటాను? భయం మాత్రం ఏనాడూ వేయలేదు. పళ్లూ పూలూ ఆ గోడ మొదట్లోనే పెట్టి, దండం పెట్టుకుని వచ్చాం.

మళ్లీ ఆ గొంతు వినబడలేదు. పాపను బడిలో వేశాక వేరే ఇంటికి మారాం. సామాను ఎక్కించాక నేనొక్కదాన్నే లోపలికి వెళ్లి, గోడ మీద చెయ్యి ఆనించి, "పోయొస్తామమ్మా" అన్నాను. వెనక్కి తిరిగాను.

గడప దగ్గర నిలబడి మా పాప అడిగింది, "అమ్మా, ఎవురితో మాట్లాడతా ఉండావు?"

పేరు తెలిస్తే చెప్పేదాన్ని.