వాయిదాకు అభ్యంతరం లేదు

చిత్తం గారు సొంత అన్నకు గడువు ఎందుకిచ్చిందన్న విషయం మీద ఆ కుటుంబంలో రకరకాల కథలు చెలామణీలో ఉన్నాయి. తోబుట్టువు మీద మనసు కరిగిందని తల్లి నమ్మకం. భయపడి కాళ్లబేరానికి వచ్చిందని వదినగారు చెప్పుకుంటుంది. ఏజెంట్లూ ఏజెంట్లూ ఒకటేనని, లోపాయికారీగా ఏదో మాట్లాడుకున్నారని బాబాయి అనుమానం. ఈ కథల్లో ఆమె మెత్తనిదో, పిరికిదో, కపటిదో అవుతుంది. కాగితాలు చూసినవారెవరూ ఈ మూడింటిలో ఒక్కటీ ఒప్పుకోరు.

ఆమె వృత్తి పేటెంట్ ఏజెంటు. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, దాని మీద హక్కు కోసం వారి తరఫున పేటెంట్ ఆఫీసుకు రాసి పెడుతుంది. అక్కడి అధికారి ఎంత మొరటుగా రాసినా ఆమె జవాబు మాత్రం "తమ చిత్తానికి తెచ్చేదేమనగా" అనే మొదలవుతుంది. ఆ పేరు అలా వచ్చిందే.

ఆమె భర్త ఆసుపత్రి మంచాలు బాగుచేస్తాడు. మంచం పక్కనుండే కమ్మీ ధడాలున పడి తన తల్లి వేళ్లు నలిగినప్పుడు, కమ్మీ మెల్లగా దిగేలా ఒక మీట తయారుచేశాడు. ఇనుము కోసం బజారుకు వెళ్లలేదు. వంటింటి కిటికీకున్న జత గడియల్లో ఒకదాన్ని ఊడదీసి సానబట్టాడు. ఆ గడియకు మేకు దిగిన రంధ్రం ఉంది. మీటకు దానితో ఏ పనీ లేదు. పూడ్చడానికి బద్ధకించి అలాగే వదిలేశాడు.

మంచాల కార్ఖానా నడిపే ఆమె అన్న వచ్చి, "బావా, మా వాళ్లకోసారి చూపించి తెచ్చిస్తా" అని మీటను పట్టుకెళ్లాడు. తెచ్చి ఇచ్చాడు కూడా. కొంతకాలానికి పేటెంట్ ఆఫీసు పత్రిక తిరగేస్తున్న చిత్తం గారికి ఆ మీట బొమ్మ కనిపించింది. కనిపెట్టినవారి పేరు చోట అన్న పేరు ఉంది. బొమ్మ గీసినవాడు ఎంత నమ్మకంగా గీశాడంటే, ఆ పనికిరాని రంధ్రాన్ని కూడా వదల్లేదు.

పుట్టింట్లో అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె అడిగింది. అన్న నవ్వాడు.

"మీ ఆయన పేరు పెడితే ఎవడు కొంటాడే? బోల్టులు బిగించుకునేవాడికి పేటెంటు కూడానా!"

భర్త తల ఎత్తలేదు. కంచంలో కలుపుతున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. చిత్తం గారు ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయింది. తర్వాత జరిగినదంతా ఆ చెయ్యి కోసమే.

అన్న దరఖాస్తు మీద అభ్యంతర పత్రం మొదట రాసినప్పుడు కడుపుమంటంతా అందులో కక్కింది. చదువుకుని చింపేసింది. తిట్టు రికార్డుకెక్కితే తిట్టినవారికే చేటని ఆమెకు తెలుసు. రెండోసారి రాసినదానిలో దొంగ అన్న మాట లేదు. భర్తే అసలు కర్త అని చెప్పి, చివర ఒక మనవి చేర్చింది: "బొమ్మలో చూపిన రంధ్రం ప్రయోజనమేమిటో దరఖాస్తుదారు గారు దయతో వివరించగలరు."

దానికి అన్న జవాబివ్వాల్సిన గడువు దగ్గరపడుతుండగా అన్న తరఫు ఏజెంటు ఫోన్ చేశాడు. పెద్దాయన. స్నానాల గదిలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

"అమ్మా, వాయిదా అడిగాను. నువ్వు సరేనంటేనే ఇస్తారట. కాదన్నా నేనేమీ అనుకోను తల్లీ."

"అయ్యో, ముందు ఒళ్లు చూసుకోండి. ఉత్తరం పంపిస్తాను."

భర్త ఉండబట్టలేకపోయాడు. "కాదనెయ్. గడువు దాటితే వాడి దరఖాస్తు దానంతటదే పోతుంది కదా. పీడా విరగడవుతుంది."

"పోతుంది. ఆ తర్వాత వాడేమంటాడు? ఏజెంటు జారిపడ్డాడు గానీ లేకపోతే అది నాదేనంటాడు. బతికున్నన్నాళ్లూ అంటాడు. మీరు కంచంలో తలపెట్టుకుని వింటారు."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"ఆ కన్నం ఎందుకో వాడే రాయాలి. ప్రమాణం చేసి, సంతకం పెట్టి మరీ రాయాలి. దానికి వాడికి టైమివ్వాలిగా."

"నిన్ను చూస్తుంటే భయమేస్తోందే."

"మీకెందుకండీ భయం? మీరు నా గడియ ఒక్కటే కదా పీకింది."

మర్నాడు ఉత్తరం వెళ్లింది: వాయిదాకు అభ్యంతరం లేదు, ఏజెంటు గారు త్వరగా కోలుకోవాలని కోరుతున్నాము. తల్లి ఫోన్లో కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎంతైనా నా కూతురివి. అన్నని వదులుకోలేదు." చిత్తం గారు "సరేనమ్మా" అని ఊరుకుంది. ఆమె మీద తప్పు పట్టదలిస్తే ఇక్కడ పట్టాలి.

ఆ రంధ్రం గురించి ఎక్కువ రాయవద్దని పెద్దాయన మంచం మీద నుంచే హెచ్చరించాడు. అన్న వినలేదు. ఆ రంధ్రమే ఈ ఆవిష్కరణకు ప్రాణమని, దాని చోటు నిర్ణయించడానికి ఎన్నో రాత్రులు నిద్ర మానుకున్నానని, అది లేకపోతే మీట పనిచేయదని ప్రమాణపూర్వకంగా రాశాడు.

విచారణ గది చిన్నది. బల్ల మీద ఆమె మొదటి మీటను పెట్టింది. పక్కనే కిటికీ నుంచి ఊడదీసిన జత గడియను పెట్టింది. రెండు రంధ్రాలూ ఒకే చోట ఉన్నాయి. తర్వాత భర్త కొత్తగా చేసిచ్చిన, రంధ్రం లేని మీటను ఒక కమ్మీకి బిగించి దించింది. చప్పుడు కూడా కాలేదు.

"కన్నం లేకుండానే దిగింది కదండీ?" అన్నాడు అధికారి.

"అది... నీళ్లు కారిపోవడానికండీ," అన్నాడు అన్న.

"ఇక్కడ ప్రాణమని రాశారే?"

అన్న చెల్లెలి వైపు తిరిగాడు. "నా పరువు తీశావు కదే!"

ఆమె అధికారినే చూస్తూ అంది: "దరఖాస్తుదారు గారికి ఇంకా సమయం కావాలంటే మాకు అభ్యంతరం లేదండీ."

దరఖాస్తు తిరస్కరించారు. మీట ఆమె భర్తదేనని, దరఖాస్తుదారు దాన్ని అతని దగ్గర నుంచే తీసుకున్నాడని తీర్పులో రాశారు. ఆమె ఆ కాగితాన్ని పుట్టింటికి తీసుకెళ్లి, అందరూ భోజనానికి కూర్చున్నాక ఆ వాక్యం పైకి చదివింది.

"తినేటప్పుడెందుకే ఇవన్నీ?" అంది తల్లి.

"వాడూ తినేటప్పుడే అన్నాడమ్మా."

అన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఆమె భర్త ఇంకొంచెం వడ్డించమన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, ఆ వాయిదా గాయపడిన ఒక వృద్ధుడికి మేలు చేసింది. అతను కోలుకోవాలని ఆమె నిజంగానే కోరుకుంది. రాసిన ఉత్తరాల్లో ఒక్క అబద్ధం లేదు, ఒక్క పరుష వాక్యం లేదు. అయినా అన్నను ఆమె క్షమించలేదు, అతనికి భయపడలేదు, ఎవరితోనూ లాలూచీ పడలేదు. అతని సంతకంతోనే అతని మీద పగ తీర్చుకుంది.