ఏజాక్స్‌లో ఒక పిసినారి ముసలాయన

నవ్వించబోయి నిలువ నీడ పోగొట్టుకోబోయినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. కొన్ని వందల ఏళ్ల గ్రీకు, రోమన్ హాస్యనాటక చరిత్రను బర్నబీలోని ఒక చర్చి హాల్లో పదిహేను నిమిషాల్లో ముగించిన ఘనుణ్ణి నేనే.

మన పిల్లలు చదువులకని ఈ చలి దేశంలో విమానాలకు విమానాలు నిండి దిగుతున్న రోజులవి. బేస్‌మెంట్‌లో గది దొరికితే అడ్మిషన్ వచ్చినంత సంబరం. నాకూ, వరంగల్ శ్రావణ్‌కూ జాన్ రత్నం అంకుల్ ఇంటి కింద గది దొరికింది. అంకుల్ చర్చి పెద్ద, మంచివారు. ఇంటి వేడి విషయంలో మాత్రం మహా పిసినారి. థర్మోస్టాట్‌ను పెట్టెలో పెట్టి తాళం వేశారు. చలేస్తోందంటే "స్వెటర్ వేసుకో నాయనా" అనేవారు. స్నానం ఐదు నిమిషాలు దాటితే తలుపు కొట్టేవారు. జనవరి తర్వాత కూడా మమ్మల్ని ఉంచుతారా అని అడిగితే "క్రిస్మస్ కానీ, చూద్దాం" అన్నారు.

నేను చదివేది కంప్యూటర్లు. మార్కులు తేలిగ్గా వస్తాయని ప్రాచీన హాస్యనాటకం అనే కోర్సు కూడా తీసుకున్నాను. తొలినాళ్ల గ్రీకు నాటకాల్లో కోరస్ అనే పాటగాళ్ల గుంపు ముందుకొచ్చి, ఊరి పెద్దల్ని పేరు పెట్టి, వాళ్ల ముందే ఏకేదని ప్రొఫెసరమ్మ చెప్పారు. నాకది తెగ నచ్చేసింది. తర్వాతి రెండు పాఠాలూ సగం చెవితోనే విన్నాను.

ఈలోగా అంకుల్ భార్య కరుణ ఆంటీ నా గురించి "మా కిరణ్ యూనివర్సిటీలో కామెడీ చదువుతున్నాడు" అని చర్చి అంతా చాటారు. క్రిస్మస్ స్కిట్ నా నెత్తిన పడింది.

"అంకుల్ పేరే వెడ్తవా? పాగలైనవారా?" అన్నాడు శ్రావణ్.

"గ్రీకులు పెట్టార్రా. పెద్దలంతా నవ్వుకున్నారు."

"ఆ పెద్దల ఇండ్లల్ల వాళ్లు కిరాయికి ఉండలే గదరా!"

వింటేగా నేను! పేపర్ ప్లేట్లు కత్తిరించి మాస్కులు చేశాం. మాస్కు వెనకాల నన్నెవరు గుర్తుపడతారని నా ధీమా. స్కిట్ రాసింది నేనేనని ఆంటీ మైకులో రెండుసార్లు చెప్పినా ఆ ధీమా తగ్గలేదు, చూడండి.

ముందు వరుసలో అంకుల్, ఆంటీ, వాళ్ల పక్కన కోటు విప్పని ఒక పెద్దాయన కూర్చున్నారు. ఎనిమిది మంది కోరస్ ముందుకొచ్చి "జాన్ రత్నం అంకుల్ గారూ, తాళం తీయండి! వణికి చస్తున్నాం!" అని పాడారు. హాలు ఘొల్లుమంది. అంకుల్ నవ్వలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఈ దేశం వచ్చాక నాకు చెమట పట్టడం అదే మొదలు.

అప్పుడు గుర్తొచ్చింది రెండో పాఠం. కాలం మారాక గ్రీకులు పేర్లెత్తడం మానేసి ఇంటి కథల్లోకి దిగారు. పిసినారి ముసలాయన, ప్రేమలో పడ్డ కొడుకు, తెలివైన బానిస. ఫలానావాడని ఎవరూ అనలేరు.

"ఇది జాన్ రత్నం అంకుల్ కథ కాదండీ!" అని అరిచాను. "ఎవరో ఒక ముసలాయన కథ!"

కోరస్‌లో ఉన్న శ్రావణ్ ఊరుకోవచ్చుగా! తెలివైన బానిసలా ముందుకొచ్చి "థర్మోస్టాట్‌కు తాళమేసే ముసలాయన ఇంకెవరున్నర్రా?" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. అంకుల్ చేతులు కట్టుకున్నారు. నా సూట్‌కేసు రోడ్డు మీద, మంచులో కనిపించింది నాకు.

ఇక మిగిలింది మూడో పాఠం. రోమన్లు గ్రీకు నాటకాలనే తెచ్చుకుని తమ భాషలో ఆడారు. కథను మాత్రం గ్రీసులోనే ఉంచారు. వెధవ వేషాలన్నీ పరాయి ఊరివాళ్లవి, మనం పెద్దమనుషులం. నాకూ ఒక దూరపు ఊరు కావాలి. దేశానికి ఆ చివరున్న ఊరు ఒకటి నోటికొచ్చింది.

"అసలిది బర్నబీ కథే కాదండీ! ఈ ముసలాయనది ఏజాక్స్!"

అంతే! అంకుల్ కుర్చీ కదిలిపోయేలా నవ్వడం మొదలుపెట్టారు. "ఓర్నీ! ఏజాక్సే! నిన్నే బావా, నిన్నే!" అంటూ పక్కనున్న కోటాయన తొడ మీద చరిచారు. కోటాయన నవ్వలేదు. ఆంటీ అసలే నవ్వలేదు. ఆయన ఆంటీ సొంత అన్నయ్య. ముందురోజే ఏజాక్స్ నుంచి దిగారు. వాళ్లింట్లో ఫ్రిజ్‌కు కూడా తాళమేనట.

"గది ఎక్కడికీ పోదు నాయనా. వచ్చే క్రిస్మస్‌కి బావ మళ్లీ వస్తాడు. ఇంకోటి రాయి" అన్నారు అంకుల్, కళ్లు తుడుచుకుంటూ.

ఆంటీ నన్ను వంటగదిలోకి పిలిచారు. "మా అన్నయ్య సంగతి నీకెవరు చెప్పారు?"

"ఒట్టు ఆంటీ, నాకు తెలీదు."

"మరి ఏజాక్స్ అని ఎందుకన్నావ్?"

"రోమన్ల వల్ల ఆంటీ."

రోజూ ఆంటీ పంపే కూర రెండు వారాలు కిందికి రాలేదు. గది దక్కిందన్న సంతోషం కూడా లేకపోయింది. అప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో నాకు కావాల్సింది గది ఒక్కటే కాదని. మూడో వారం ఆంటీ తనంతట తనే మెట్లు దిగి చేపల పులుసు తెచ్చిచ్చి, "తిని చావు" అన్నారు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. కారం వల్ల అని శ్రావణ్‌తో చెప్పాను.

ఆ పులుసు గిన్నె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ హాస్యనాటకం రాస్తే ముసలాయన్ని గ్రీసులోనే పెడతాను. అదైనా, అక్కడ తనకు చుట్టాలెవరూ లేరని ఆంటీ ఒట్టేసి చెప్పాకే.