బీరయ్య నోట మిగిలిన అక్షరాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒకే రోజులో తిరిగి రావచ్చా అని అడిగితే, రావచ్చనే చెబుతాను. మేము మాత్రం ఊళ్ళు చూడటానికి వెళ్ళలేదు. మా అన్న రఘు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. క్లాసుకూ క్లాసుకూ మధ్య వక్కపొడి నమలడం ఏళ్ళనాటి అలవాటు. నాలుక పక్కన లేచిన పుండు ఎంతకీ మానకపోతే పరీక్షలు చేయించాం. క్యాన్సర్ అని తేలింది. నాలుకలో కొంత భాగం తీసేయాలి, ఆలస్యం చేయొద్దు అని డాక్టర్లు గట్టిగా చెప్పారు. అన్న ఒప్పుకోలేదు. "మాట రాని మాస్టారు ఎందుకు పనికొస్తడు చెల్లె?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా ఉండగా సూర్యాపేటలో పనిచేసే నా స్నేహితురాలు ఒక వీడియో పంపింది. క్యాన్సర్‌కు సగం నాలుక పోయిన ఒక ఒగ్గుకథ కళాకారుడు డోలు వాయిస్తూ పాడుతున్నాడు. మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా మూడుసార్లు విన్నాను. అన్నకు చూపిస్తే, "పాట ఇంకెవరిదో అయి ఉంటది" అన్నాడు. కాసేపాగి మళ్ళీ ఫోన్ అడిగి తీసుకున్నాడు. నాలుక లేకుండా పాట ఎలా వస్తుంది? ఇద్దరికీ అదే ప్రశ్న. మేమిద్దరం కలిసి బయల్దేరడానికి అది చాలింది.

తెల్లవారగానే ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే నాకు టికెట్ లేదు, అన్నకు మూడు వందల లోపే అయింది. రెండున్నర గంటల్లో సూర్యాపేటలో దిగాం. బస్టాండ్ ఎదుట హోటల్లో అన్న చట్నీ ముట్టకుండా ఇడ్లీని నీళ్ళలో నానబెట్టుకుని తింటుంటే, స్నేహితురాలు ముందే చెప్పి ఉంచడంతో ఆ వీడియోలోని కళాకారుడు బీరయ్య, ఆయన భార్య కొమురమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. తుంగతుర్తి వైపు పల్లె వాళ్ళది, గొర్రెలు కాసుకునే కుటుంబం. బీరయ్యకు యాభై దాటి ఉంటాయి. తెల్లటి ధోవతి, భుజాన గొంగడి, గుడ్డ చుట్టిన డోలు. ఒక చెంప లోపలికి పోయింది, మెడ మీద పొడవాటి గాటు. ఆయన అన్నను చూసి ఏదో అన్నాడు. నాకు గాలి, గొంతు తప్ప ఏమీ అర్థం కాలేదు.

"'సారు మొకం గుంజుకపోయింది, రాత్రి నిద్ర పోలేదా' అని అడుగుతుండు," అంది కొమురమ్మ. అన్న తలూపాడు, అంతే.

పొగాకు మానమని చెబుతూ ఆ రోజు మూడు ఊళ్ళలో ఆయన కార్యక్రమాలున్నాయి. మొదటిది సూర్యాపేటలోనే ఒక కాలేజీలో. బీరయ్య మైకు ముందుకొచ్చి తన పేరు చెప్పుకోగానే వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. పేరులోని 'ర' ఆయన నోట పలకదు, 'బీ... అయ్య' అని వస్తుంది. ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. నవ్వడం అయిపోయేదాకా నిలబడి, తర్వాత డోలు మీద పుల్ల వేశాడు. ఆ దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. వెంటనే పాట అందుకున్నాడు.

"ఓ వక్కా, ఓ పొగాకా!
బువ్వ పాయె, ముక్క పాయె,
కేక మాయం కాకపాయె!"

ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. ఒక్క ముక్క కూడా తడబడలేదు. పొద్దున పలకరింపులో ఒక్క మాట అర్థం కాని మనిషి పాట ఇంత సాఫీగా ఎలా వస్తోందో నాకు అంతుపట్టలేదు. పాట తర్వాత ఆయన మాట్లాడాడు, కొమురమ్మ పక్కన నిలబడి ఆ మాటలే తిరిగి చెప్పింది. రాత్రంతా కథ చెప్పేటప్పుడు నిద్ర రాకుండా వక్క, పొగాకు దవడన పెట్టుకునేవాడట. అప్పట్లో ఆయన గొంతు మైకు లేకుండా పక్క ఊరికి వినపడేదట. పిల్లలు నవ్వడం ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు.

కోదాడ బస్సులో అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు. "చెల్లె, గమనించినవా? ఆ పాటల ఒక్క 'త' లేదు, ఒక్క 'ల' లేదు, 'న' లేదు, 'స' లేదు. అన్నీ పెదవులతోటి, గొంతుతోటి వచ్చేటియే!" చాలా రోజుల తర్వాత ఆయన అంత హుషారుగా మాట్లాడటం చూశాను. ముందు సీటులో ఉన్న బీరయ్య వెనక్కి తిరిగి పెద్దగా నవ్వాడు. కొమురమ్మ చెప్పింది: "పట్టుకున్నడు సారు! ఆపరేషన్ అయినంక ఈయన ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడకపోయేది. గొర్ల ఎంట పోయి, ఎవ్వరు లేని కాడ ఒక్కొక్క అచ్చరం పలికి సూసుకునేది. నోటికి వచ్చినయి ఏరుకున్నడు, రానియి ఇడిసిపెట్టిండు. ఆ వచ్చినయాటితోనే పాట కట్టిండు. నన్ను ముందుగాల కొమురమ్మా అని పిలిచేటోడు, ఇప్పుడు కొమ్మా అంటడు. గదే మంచిగుంది."

బీరయ్య ఏదో చెప్పాడు. ఈసారి కొమురమ్మ కంటే ముందే అన్న అందుకున్నాడు. "నన్ను ఖరాబు చేసిన వాటి పేర్లే నా నోట మిగిలినయ్ అంటుండు. వక్క, పొగాకు." బీరయ్య అవునన్నట్టు అన్న భుజం తట్టాడు.

కోదాడకు గంట లోపే చేరాం. బస్టాండ్ దగ్గర మెస్సులో భోజనం నూట ఇరవై. బీరయ్య పప్పన్నాన్ని మజ్జిగతో కలిపి పిండిలా పిసికి, చిన్న చిన్న ముద్దలు ఒక వైపు నుంచే మింగుతున్నాడు. మా భోజనాలు అయిపోయాక కూడా ఆయన ఇంకా తింటూనే ఉన్నాడు. అన్న లేచి వెళ్ళకుండా ఎదురుగా కూర్చున్నాడు. ఉప్పు తెలుస్తదా, కారం మండుతదా, నిద్రలో పొలమారుతదా, నీళ్ళు ఎట్లా తాగుతరు అంటూ ఒకటొకటే అడుగుతూ పోయాడు. డాక్టర్ని ఒక్క మాట అడగని మనిషి. ఉప్పు తెలుస్తుంది, తీపి బాగా తెలుస్తుంది, కారం మాత్రం నిప్పులా మండుతుంది అని బీరయ్య చేతులతో, మాటలతో చెప్పాడు. మటన్ ముక్క గుర్తొచ్చిన రోజు బాధేస్తుందని కూడా చెప్పాడు. అంతా బాగైపోయిందని ఆయన ఎక్కడా అనలేదు.

తర్వాత హైవే పక్కన లారీలు ఆగే చోట డ్రైవర్ల ముందు పాడాడు. పాట మధ్యలోనే ఒక డ్రైవర్ లేచాడు. "ఏవండీ, రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేవాళ్ళం. నిద్రాపుకోడానికి ఓ గుట్కా ప్యాకెట్ వేసుకుంటాం. మమ్మల్ని భయపెట్టడానికొచ్చారా?" అని అడిగాడు. కొమురమ్మ జవాబు చెప్పబోతే బీరయ్య ఆపి తనే మాట్లాడాడు. ఆమె దాన్ని తిరిగి చెప్పింది: "'భయం నాకే ఎక్కువ ఉండె తమ్మీ. పుండు లేచిందని తెలిసి కూడ భయానికే దవాఖానకు పోలే. జల్ది పోతే ఇంకింత నాలుక మిగిలేది' అంటుండు." డ్రైవర్ మళ్ళీ కూర్చోలేదు, అలాగని వెళ్ళిపోనూ లేదు. లారీకి ఆనుకుని చివరిదాకా విన్నాడు. నేను అన్న వైపు చూశాను. ఆయన తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా గంటన్నర ప్రయాణం. కోతలు సాగుతున్నాయి. మిర్యాలగూడ దగ్గర పడేకొద్దీ వడ్ల ట్రాక్టర్లు మిల్లుల గేట్ల ముందు బారులు తీరి కనిపించాయి. బస్సు కండక్టర్ డోలును చూసి, "పెద్దాయనా, గిది ఎవ్వరి కాళ్ళకు తాకకుంట సూసుకో. ఏడికి?" అన్నాడు. బీరయ్య 'మిర్యాలగూడ' అనబోతే సగం గాలే వచ్చింది. కండక్టర్ విసుగ్గా మళ్ళీ అడిగాడు. అన్నే టికెట్లు తీసుకున్నాడు.

చివరి కార్యక్రమం ఒక రైస్ మిల్లు ఆవరణలో, పని ఆపి టీ తాగే వేళకు. తలపాగాల మీద, కనుబొమల మీద తవుడు దుమ్ముతో హమాలీలు బస్తాల మీద కూర్చున్నారు. చాలామంది దవడలు ఆడుతూనే ఉన్నాయి. బీరయ్య పాట అయింది. మాట మొదలుపెట్టే ముందు కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. "దుమ్ముకు నా గొంతు పట్టేసింది సారూ. ఆయన మాట మీకు సమజైతుంది కద. జర మీరు చెప్పుండ్రి" అంది. అన్న నా వైపు చూశాడు. తర్వాత వెళ్ళి బీరయ్య పక్కన నిలబడ్డాడు.

మొదట్లో "ఈయన ఏమంటుండంటే" అని మొదలుపెట్టాడు. రెండు మూడు వాక్యాల తర్వాత ఆ మాట దానంతటదే పోయింది. క్లాసులో చెప్పినట్టే గొంతెత్తి, కొమురమ్మలాగా బీరయ్య మాటలనే చెబుతూ పోయాడు. "నేను రాత్రంత కథ చెప్పేటోన్ని. నోట్ల పుండు లేచింది. ఎవ్వరికి చెప్పలే." బీరయ్య తర్వాతి వాక్యం చెప్పాడు. అన్న నోరు తెరిచి ఆగిపోయాడు. బీరయ్య తొందరపెట్టలేదు, అదే వాక్యం ఇంకోసారి నెమ్మదిగా చెప్పాడు.

"నా నాలుక సగం కోసిండ్రు," అన్నాడు అన్న. "కోసిండ్రు కాబట్టి బతికిన."

అని, బీరయ్య చెయ్యి పట్టుకుని, "గిది ఈయన మాట. నా మాట వేరే ఉంది. నాక్కూడ గదే రోగం. నాలుక తీయాలన్నరు. నేను ఒప్పుకోలే" అన్నాడు. ఇంట్లో మాతో తప్ప బయట ఎవరితోనూ ఆయన ఆ మాట అనడం నేను వినలేదు. కాలేజీలో కూడా జ్వరమని చెప్పి సెలవు పెట్టాడు.

బస్తా మీద కూర్చున్న ఒక నడివయసు హమాలీ దవడనున్నది పక్కకు ఉమ్మేసి వచ్చి అడిగాడు. "మరెప్పుడు తీపిచ్చుకుంటరు సార్?"

పొద్దున్నుంచీ ప్రశ్నలన్నీ అన్నవే. ఇప్పుడు ఒకటి ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. "తారీకు అడగాలె," అన్నాడు. "రేపు ఫోన్ చేసి అడుగుత."

బయట టీ బండి దగ్గర కొమురమ్మ ఇంటి దగ్గరున్న కోడలితో ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ కనిపించింది. గొర్లకు నీళ్ళు పెట్టారా లేదా అని కేకలేస్తోంది. ఫోన్ పెట్టేశాక, "మీ గొంతు మంచిగనే ఉంది కదమ్మా?" అన్నాను. ఆమె కొంగు చాటున నవ్వింది. "పొద్దుగాల సారు ఒక్క మాట మాట్లాడకపాయె. నలుగురి ముందల ఆయన గొంతు ఎట్లుంటదో ఇనాలనిపించింది బిడ్డా."

పొద్దుగూకే వేళకు నల్గొండ మీదుగా వెళ్ళే హైదరాబాద్ బస్సెక్కాం. మరునాడు అన్న నిజంగానే ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయింది, ముక్కులోని పైపు కూడా తీసేశారు. రేడియేషన్ ఇంకా మిగిలి ఉంది. ఆయన 'ల' పోయింది కానీ 'న' కొంచెం నిలిచింది. మళ్ళీ క్లాసుకు వెళ్ళగలడో లేదో డాక్టర్లూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కొన్ని రోజులు కోపంతో, మాట రానప్పుడు రాసి చూపించే పలకను విసిరేస్తాడు. కొన్ని సాయంత్రాలు బీరయ్యకు ఫోన్ చేస్తాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు సగమే అర్థమవుతుంది. నాలుక లేకుండా పాట ఎలా వస్తుందో చూద్దామని వెళ్ళాను. అది చూశాను. దాంతోపాటు, ఒక మనిషి తన మాటను ఇంకో మనిషి నోట పెట్టి, అతను దాన్ని పలికేదాకా ఓపికగా నిలబడటం కూడా చూశాను. ఇప్పుడు ఇంట్లో అన్న ఒక మాట కోసం తంటాలు పడుతున్నప్పుడు దాన్ని నేను పూర్తి చేయను. ఆగుతాను.

మీరూ ఆ వైపు వెళ్ళి బీరయ్య కార్యక్రమం చూడగలిగితే ఒక్క సలహా. వెనక కూర్చోవద్దు, ముందు వరసలో ఆయన ముఖం కనిపించే చోట కూర్చోండి. ఆయన మాట సగం పెదవుల మీదే ఉంటుంది, చెవులతో పాటు కళ్ళూ పెట్టి వింటే కాసేపటికే అర్థమవుతుంది.