తిల్ల చెట్టు దగ్గర

మా పై అంతస్తులో ఉండే ఆవిడంటే నాకు మొదట్లో ఇష్టమే. హైదరాబాదు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు. మేం ఈ దేశం వచ్చి బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్న కొత్తలో మునగాకు ఎక్కడ దొరుకుతుందో చూపించింది ఆవిడే. బ్యాంకు ఉద్యోగం మానేశాక, ఉత్తరాన మడ అడవి పక్కనున్న ప్రకృతి కేంద్రంలో వాలంటీరు గైడుగా చేరింది.

"శనివారం నా వాక్ ఉంది, పాపను తీస్కొని రాండ్రి" అని పిలిచింది. ఎనిమిదేళ్ల మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను.

మడ అడవి నాకు కొత్త కాదు. కాకినాడలో బోటనీ ఎమ్మెస్సీ చేస్తూ కోరింగ అడవుల్లో రెండేళ్లు మోకాలి లోతు బురదలో తిరిగాను. ఆ తర్వాత నాలుగేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పాను. మా ఆయన ఉద్యోగం ఇక్కడి సైన్స్ పార్క్‌కి మారాక నా చదువుతో ఎవరికీ పని పడలేదు. మా అమ్మాయికి నేను పాఠాలు చెప్పినట్టు కూడా తెలియదు. తను అడగలేదు, నేను చెప్పలేదు.

కేంద్రంలో ముందు ఒక హాలు ఉంది. గాజు పెట్టెల్లో పీతల డిప్పలు, ఒక ఉడుము ఎముకల గూడు, మీట నొక్కితే సముద్రపు పోటు వచ్చి వేర్లను ముంచే చిన్న నమూనా. ఆవిడ మెడలో కార్డు వేసుకుని, ఆకుపచ్చ టీషర్టులో, చుట్టూ మూగిన పదిహేను మందికి ఇంగ్లీషులో వివరిస్తోంది. బురదలోంచి పైకి లేచిన వేర్లు గాలి ఎలా పీలుస్తాయో చెప్పడానికి ముక్కు మూసుకుని, బుగ్గలు పూరించి చూపించింది. పిల్లలు పగలబడి నవ్వారు. మా అమ్మాయి నా చెయ్యి వదిలేసి ముందుకు వెళ్లి ఆవిడ పక్కన నిలబడింది.

ఆ వేర్ల గురించి నేను ఒక రికార్డు పుస్తకం నిండా బొమ్మలు గీశాను. ముక్కు మూసుకుని చూపించాలని నాకెప్పుడూ తోచలేదు.

"ఆంటీ so clever lah, mummy," అంది మా అమ్మాయి వెనక్కి తిరిగి.

"అవును," అన్నాను.

హాలు దాటి చెక్క వంతెన మీద నడక మొదలైంది. ఆవిడ చెప్పే ప్రతి మాటలో నేను తప్పు వెతుకుతున్నాను. రెండు మూడు చెట్ల దగ్గర దొరుకుతుందనుకున్నాను, దొరకలేదు. బాగానే చదువుకుని వచ్చింది. అది ఇంకా మండించింది.

ఒక మలుపులో వంతెనను ఆనుకుని తిల్ల చెట్టు కనిపించింది. చూడగానే పోల్చుకున్నాను. కొమ్మ విరిస్తే తెల్లగా పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ముప్పు. కోరింగలో మా మాస్టారు మొదటి రోజు మాకు చూపించిన చెట్టు అదే. ఆవిడ దాని పక్కనే నిలబడి, ఎదురుగా బురదలో గెంతుతున్న చేపల గురించి చెబుతోంది. చెట్టును చూడలేదు.

నేను చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. కానీ చెప్పలేదు. ఎవరైనా ఇదేం చెట్టని అడగాలి, ఆవిడ తడబడాలి, అప్పుడు నేను నోరు విప్పాలి. అలా ఎదురుచూస్తూ నిలబడ్డాను.

ఎవరూ అడగలేదు. రాలబోయే ఆకులు ఆ చెట్టుకు ఎర్రగా, ముద్దుగా ఉంటాయి. మా అమ్మాయి వంతెన కమ్మీ మీదుగా వంగి, ఎర్రాకులున్న చిన్న రెమ్మను పుటుక్కున విరిచింది. "ఆంటీ, this one so pretty," అంటూ ఆవిడకు ఇవ్వబోయింది. వేళ్ల మీద పాలు తెల్లగా జారుతున్నాయి. రెండో చేత్తో కళ్ల మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుంది.

నేను అరిచిన అరుపుకి అందరూ ఆగిపోయారు. రెమ్మ లాగి పారేసి, తన రెండు మణికట్లూ గట్టిగా పట్టుకున్నాను. "కళ్లు ముట్టుకోకు. కదలకు." ఆవిడ ఒక్క మాట అడగకుండా సీసాలో నీళ్లన్నీ పిల్ల చేతుల మీద పోసింది. ఇంకెవరో ఇంకో సీసా ఇచ్చారు. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. చెయ్యి కాస్త ఎర్రబడింది, అంతే.

"మీకు ఎట్ల తెల్సు?" అంది ఆవిడ నెమ్మదిగా. చెప్పాను, కోరింగ, ఎమ్మెస్సీ, కాలేజీ. ఆవిడ వెంటనే గుంపు వైపు తిరిగి, ఈ చెట్టును తను గమనించలేదనీ, నేను బోటనీ లెక్చరర్‌ననీ, నేను ఉండబట్టి పిల్ల క్షేమంగా ఉందనీ అందరికీ చెప్పింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

పొద్దుటి నుంచీ నేను కోరుకున్నది అదే. తల ఎత్తలేకపోయాను.

కొన్ని వారాల తర్వాత, బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆవిడకు చెప్పేశాను. "ఆ చెట్టును నేను ముందే చూశానండీ. మీరు తప్పు చేస్తారేమోనని ఊరుకున్నాను."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "నాకు కూడా అనుమానమొచ్చింది. మీ ముఖం జూసిన ఆ రోజు." దిగే ముందు, "వచ్చే నెల కొత్త గైడ్ల ట్రైనింగ్ ఉంది. పేరు ఇస్తా మీది," అంది. అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

చేరాను. ఇప్పుడు ఒకే పొద్దున మా ఇద్దరికీ చెరో గుంపు. తిల్ల చెట్టు దగ్గర నేను చాలాసేపు ఆగుతాను, అవసరమైన దానికన్నా ఎక్కువ చెబుతాను, పెద్దవాళ్లు గడియారాలు చూసుకుంటారు. వంతెన అవతలి నుంచి ఆవిడ గుంపు నవ్వులు వినిపిస్తాయి. మా అమ్మాయి అక్కడే ఉంటుంది. నా గుంపులోకి రమ్మంటే, "అవన్నీ ఇంట్లో చెప్తావు కదా, mummy," అంటుంది. నిజమే, చెబుతాను. అయినా ఆ నవ్వులు వినిపించిన ప్రతిసారీ నేను చెబుతున్న వాక్యం మధ్యలో తెగిపోతుంది.