బెజ్జమే కంటి దగ్గరికి రావాలి

అంకుల్ పోయారన్న కబురు నాకు హాస్పిటల్ లిఫ్టులో తెలిసింది. ఆయన కూతురు ఒక్క వాక్యం పంపింది: "డాడ్ పాస్డ్ దిస్ ఆర్వో." ఆర్వో అంటే ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం నేను మూడో అంతస్తులో ఒక ముసలాయన కంట్లో చుక్కలు వేస్తున్నాను.

అంకుల్ నాకు బంధువు కాదు. బ్రిస్బేన్‌కి పడమటనున్న టూవూంబాలో నర్సింగ్ చదివేటప్పుడు మొదటి రెండేళ్లు వాళ్లింట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆయన ముత్తాత చెరకు తోటల పనికి ఫిజీ వెళ్లాడు. అక్కడ గొడవలయ్యాక అంకుల్ ఆంటీని, పసిపిల్లని తీసుకుని ఈ దేశం వచ్చారు. ఇరవై ఏళ్లు లారీ నడిపారు. రిటైరయ్యాక గరాజ్‌లో వేట విల్లులు బాగుచేసేవారు. చుట్టుపక్కల పొలాల్లో అడవి పందులు పంట తవ్వేస్తుంటాయి కాబట్టి ఆ పని మీద ఆయన దగ్గరికి ఎప్పుడూ మనుషులు వస్తుండేవారు.

ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాయమని ఆంటీ అడిగారు. ఆయన నోరు మంచిది కాదు. నేను మాటలను ప్రేమించడం మొదలుపెట్టింది మాత్రం ఆ నోటి దగ్గరే.

వచ్చిన కొత్తలో ఓ శనివారం గరాజ్‌లోకి తొంగి చూశాను. ఆయన విల్లును ఒక ప్రెస్‌లో బిగించి, తాడు పోగులను రెండుగా విడదీసి, మధ్యలో శనగగింజంత నల్ల ఉంగరం పెడుతున్నారు. అదేమిటని అడిగాను.

"పీప్ సైట్. తెలుగులో ఏమంటావు, చెప్పు."

"రంధ్రం," అన్నాను.

"రంధ్రమట. డాక్టరమ్మ వచ్చినాది." ఆయన తలెత్తనైనా లేదు. "మా అవ్వ బెజ్జం అనేది. సూది బెజ్జం, చెవి బెజ్జం. దేశం నుంచి వచ్చినదానివి, నీకు బెజ్జం తెలీదు. మీ అమ్మ ఏమి పెట్టి పెంచినాది నిన్ను?"

ఆ రాత్రే ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. మొదటి మాట బెజ్జం. వారం తిరక్కుండా విల్లు తాడును వింటినారి అంటారని ఎక్కడో చదివి, గర్వంగా వెళ్లి చెప్పాను.

"నారి అంటే ఆడది గదా. ఆడదాన్ని లాగి వదుల్తామా? తాడు అను చాలు," అని, రోజంతా ఆంటీకి అదే చెప్పి నవ్వారు.

నర్సింగ్ విద్యార్థిని కదా, కుట్లు వేసే చేతులని నన్ను పనిలో పెట్టుకున్నారు. తర్వాత ఆంటీ పాత విల్లును అంకుల్ నాకిచ్చారు. దానికి బెజ్జం అమర్చడం ఆయన నేర్పిన పద్ధతి ఇది. ముందు కళ్లు మూసుకోవాలి. తాడు లాగి, చెయ్యి దవడ కింద రోజూ ఆనే చోట ఆనించి, మెడ నిటారుగా ఉంచాలి. అప్పుడు కళ్లు తెరవాలి. బెజ్జం సరిగ్గా కంటి ముందుంటే, విల్లుకు ముందువైపున్న గురి చూసే పెద్ద వలయం దానిలో చక్కగా ఇముడుతుంది, వలయంలో వలయంలా. బెజ్జం పైకో కిందికో ఉంటే విల్లు దించి, దాన్ని జరిపి, మళ్లీ కళ్లు మూసుకోవాలి. అది పక్కకు తిరిగి ఉంటే తాడుకు అర మెలిక వేయాలి. కుదిరాక, పైనా కిందా సన్నటి దారంతో బిగించి కట్టాలి.

"మెడ బెజ్జం దగ్గరికి పోకూడదు. బెజ్జమే కంటి దగ్గరికి రావాలి." ఇది ఆయన రోజుకు పదిసార్లు అనేవారు.

పదిహేడుసార్లు జరిపాను. పదిహేడోసారి కూడా కళ్లు తెరిస్తే బెజ్జం రవ్వంత కిందే ఉంది. మెడ కొంచెం వంచితే వలయం ఇమిడింది. కుదిరిందని చెప్పి దారం కట్టేశాను. పెరట్లో కాగితం మీద అన్ని బాణాలూ నడిమధ్యనే దిగాయి. ప్రతిసారీ మెడ ఒకేలా వంచుతున్నాను కాబట్టి దిగాయి.

ఆయనకు తెలిసిన రైతు పొలం ఊరికి పడమటగా రెండు గంటల దారి. నా మొదటి పంది అక్కడ ఒక వాలు మీద, జొన్నచేను అంచున నిలబడింది. ఆ వాలులో మెడ ఎంత వంచాలో నాకు తెలియలేదు. బాణం గుండె దగ్గర తగలాల్సింది, పొట్టలో దిగింది.

పంది అరిచింది. ఆ అరుపుకు మాత్రం ఇంతవరకూ నా నోటు పుస్తకంలో మాట లేదు.

అంకుల్ తన విల్లు ఎత్తలేదు. "నీది. నువ్వే వెతుకు," అన్నారు. మూడు గంటలు ఎండలో నెత్తుటి చుక్కల వెంట నడిచాను. ఆయన నా వెనకే, నీళ్లు తాగుతూ, నాకివ్వకుండా. చివరికి ఒక ముళ్లపొద కింద అది పక్కకి ఒరిగి ఊపిరి లాగుతోంది. రెండో బాణం కూడా నా చేతే వేయించారు.

"ఏమైంది, చెప్పు."

"గురి తప్పింది అంకుల్."

"గురికి కాళ్లున్నాయా, అదే తప్పిపోడానికి? నువ్వు తప్పినావు. దొంగ బెజ్జం కట్టినావు, మెడ వంచి సరిపెట్టినావు. అట్లా అను."

నేను తప్పాను అన్నాను. దొంగ బెజ్జం కట్టానని కూడా అన్నాను. అప్పుడు నీళ్ల సీసా నా ముందు పెట్టారు. ఇంటికొచ్చాక ఆ క్రియల గురించి చాలా సేపు ఆలోచించాను. కప్పు పగిలింది, బస్సు పోయింది, మార్కులు తగ్గాయి. మన భాషలో ఎన్ని పనులు చేసినవాడు లేకుండానే జరిగిపోతాయో.

రెండో ఏడు చలికాలంలో అంకుల్ తన బెజ్జం మార్చమన్నారు. ఇంకొంచెం పెద్దది కావాలట. నెలకే మళ్లీ పెద్దది. మూడోసారి అడిగినప్పుడు మిట్టమధ్యాహ్నం.

"ఈ ఊళ్లో వెలుతురు తగ్గినాది పిల్లా," అన్నారు.

నాకు అర్థమైంది. కుడి కన్ను మధ్యలో మసక, గీతలు వంకర. నేను అడిగితే అవునన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్దాం అంకుల్ అంటే ఒప్పుకోలేదు. "చూస్తే రాస్తాడు. రాస్తే లైసెన్స్ పోతాది, విల్లు పోతాది. పందుల సీజన్ అయినాక పోదాం. ఆంటీకి చెప్పకు." చెప్పనన్నాను.

ఆ నెలాఖరున పెరట్లో బార్బీ పెట్టారు. పొయ్యి మీద మాంసం కాలుస్తూ పదిమంది. ఆ రైతు, ఆయన కొడుకులు కూడా వచ్చారు. అంకుల్ అందరి ముందూ నా పంది కథ మొదలుపెట్టారు. నేను మెడ వంచడం, ముక్కు చీదుకుంటూ నడవడం, అంతా చేసి చూపించారు. "ఈ నర్సమ్మ ఒక్క పందిని చంపడానికి మూడు గంటలు పట్టినాది. రేపు హాస్పిటల్లో ఎవుడు దొరుకుతాడో పాపం." దాన్నే ఇంగ్లీషులో కూడా చెప్పారు. అందరూ నవ్వారు. ఆంటీ కూడా.

తర్వాత సరదాకి గురి చూశారు. అంకుల్ మూడు బాణాలు వేస్తే మూడూ పక్కకు పోయాయి. ఆయన తాడు పట్టుకుని చూసి, "స్ట్రింగ్ సాగిపోయినాది," అన్నారు.

నేను ఇంగ్లీషులో మాట్లాడాను. ఆంటీకే కాదు, రైతుకీ, అందరికీ అర్థం కావాలని.

"ఇట్స్ నాట్ ద స్ట్రింగ్, అంకుల్. ఇట్స్ యువర్ ఐ. యూ కాంట్ సీ."

ఆయన నవ్వబోయారు. నేను ఆగలేదు. మూడుసార్లు బెజ్జం పెద్దది చేశానని, మెడ వంచి వెతుక్కుంటున్నారని చెప్పి, ఆయన ఇప్పుడే నన్ను చేసి చూపించినట్టు ఆయన్ని చేసి చూపించాను. ఎవరూ నవ్వలేదు. రైతు ప్లేటు కింద పెట్టాడు. "సారీ మేట్. నాట్ ఆన్ మై ప్లేస్ ఎనీ మోర్," అన్నాడు, చాలా మర్యాదగా. తన పొలంలో ఇక వేటకు రావద్దని. ఆంటీ పొయ్యి ఆపేశారు.

రోగి సంగతి బయట చెప్పకూడదని మాకు మొదటి వారమే నేర్పుతారు. ఆ పాఠంలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

రెండు రోజులాగి గరాజ్‌కి వెళ్లాను. ఆయన స్టూలు మీద కూర్చుని, తన విల్లు ఒళ్లో పెట్టుకుని, బెజ్జం చుట్టూ నేను కట్టిన దారాన్ని బ్లేడుతో తెంపుతున్నారు. కళ్లతో కాదు, బొటనవేలితో తడిమి చూసుకుంటున్నారు.

"అంకుల్, మొన్న నోరు జారింది," అన్నాను.

బ్లేడు ఆగింది. "జారినాదా. దానికీ కాళ్లున్నాయి కామోసు."

ఆయన ఎదురుచూస్తున్నారు. ఏ మాట కోసమో నాకు తెలుసు.

"మీరు మాత్రం నా గురించి అందరి ముందూ చెప్పలేదా?"

"చెప్పినాను. నేనే చెప్పినాను. నవ్వించుకోడానికి చెప్పినాను, నీకు నొప్పి అవుతాదని తెలిసే." ఆయన ముఖం నా వైపు ఉంది, చూపు నా పక్కన గోడ మీద ఉంది. "ఇప్పుడు నువ్వు అను."

నేను అనలేదు. గదికి వెళ్లి తలుపు వేసుకున్నాను. సెమిస్టర్ కాగానే ప్రాక్టికల్స్ కోసం బ్రిస్బేన్ వచ్చేశాను. ఆయన మళ్లీ విల్లు పట్టలేదని, వరండాలో కూర్చునే ఉంటారని ఆంటీ ఫోన్‌లో చెప్తుండేవారు. ఫోన్ ఆయనకిమ్మని నేనెప్పుడూ అడగలేదు. ఎనిమిది నెలలు. గుండె ఆగిందట, ఆ వరండాలోనే.

అంత్యక్రియలయ్యాక ఆంటీ నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్లారు. కావలసింది తీసుకో అన్నారు. గోడకు రెండు విల్లులు పక్కపక్కనే ఉన్నాయి. నేను ఏదీ ముట్టుకోకుండా నిలబడితే ఆమె నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ రోజు సంగతి మనసులో పెట్టుకోకమ్మా. చిన్నపిల్లవి, ఏదో నోరు జారింది."

"జారలేదు ఆంటీ. నేనే అన్నాను. ఆయనకు నొప్పి కలగాలనే అన్నాను."

ఆంటీ చెయ్యి తీసేశారు. "నాకు తెలుసు," అన్నారు. "నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పాల్సింది."

ఆమె లోపలికి వెళ్లాక ఆయన విల్లు దించాను. తాడు లాగే బలం నాకు లేదు. ఊరికే కంటి దగ్గరికి తెచ్చుకున్నాను, మెడ నిటారుగా పెట్టి. ఇన్నేళ్ల ఎండకి తాడంతా వెలిసి బూడిద రంగుకు తిరిగింది. బెజ్జం ఉండిన చోట మాత్రం, దారం కింద దాగిన గోరంత మేర, పోగులు కొన్ననాటి ఎరుపులోనే ఉన్నాయి. అవి రెండు పాయలూ దగ్గరికొచ్చి మూసుకుపోయాయి. నా కంటికి సరిగ్గా ఎదురుగా.