నోట్లో నానని నువ్వుగింజ

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరి ఏకాభిప్రాయం. అందుకే అసలు పేరు అటకెక్కించి అందరూ నువ్వుగింజ అనే పిలిచేవారు. ఆవిడా హాయిగా పలికేది. మేనత్త మోకాళ్ల నొప్పి మొదలు ఎదురింటి పిల్లి పురుడు దాకా ఆవిడకు తెలియనిది లేదు, తెలిశాక వీధికి తెలియకుండా మిగిలిందీ లేదు. ఇక ఆ మహాతల్లి ఉద్యోగమా? ప్రభుత్వంవారి రహస్య సందేశాలను సంకేతాల్లోకి మార్చి పంపే గదిలో! నవ్వకండి. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం ఆవిడ ఏదో ఆఫీసులో టైపిస్టు.

కిటికీ లేని ఆ గదిలో ఒక్కో సందేశానికి ఒక్కో సంకేతాల పేజీ. దాన్ని ఒక్కసారే వాడి కాల్చెయ్యాలి. అదే పేజీ రెండోసారి వాడితే, లైను మీద చెవి వేసుక్కూర్చున్న శత్రువు రెండు సందేశాలనూ పక్కపక్కన పెట్టి గుట్టు లాగేస్తాడు. ఇక చెప్పడానికేమీ లేని రోజున కూడా అర్థంలేని అక్షరాలు పంపుతూనే ఉండాలి. వాటిని అక్కడ పొట్టు అనేవారు.

"మన లైను ఉన్నట్టుండి మూగబోయినా, హోరెత్తినా అవతలివాడు పసిగట్టేస్తాడమ్మా," అనేవాడు గది పెద్దాయన.

ఆవిడకా పాఠం చెప్పాలా! ఇంట్లో ఆవిడ వాగుడంతా పొట్టే. అందులో గింజ ఉంటుందని ఎవరూ చెరిగి చూడలేదు.

చెల్లెలి భర్త పొరుగుదేశంలో మన రాయబారి కారు నడిపేవాడు. అక్కడ అల్లర్లు చెలరేగి ఫోన్లు తెగిపోయాయి. చెల్లెలికి ముద్ద దిగడం లేదు. ఆ మధ్యాహ్నం సందేశం వచ్చింది ఆవిడ చేతికే. మనవాళ్లంతా క్షేమం, తెల్లారగానే పాత వంతెన మీదుగా సరిహద్దు దాటిస్తున్నాం అని. డ్రైవర్లలో మొదటి పేరు మరిదిదే. ఈ మాట పొక్కితే వంతెన దగ్గర కాపు కాసేవాళ్లకు కొదవ లేదు.

సాయంత్రం ఎప్పటిలాగే చెల్లెలింటికి వెళ్లింది. వెళ్లకపోతే అదీ ఒక కబురే కదా.

"అక్కా, మీ ఆఫీసులో ఏమైనా అనుకుంటున్నారా?"

"టైపు కొట్టుకునేదానికి ఎవరు చెబుతారే పిచ్చిదానా!" అని దర్జీ కథ ఎత్తుకుంది. వాడు కర్టెన్లు తిరగేసి కుట్టి, పూలన్నీ తలకిందులుగా వేలాడదీసి, "గాలికి అవే తిరుగుతాయమ్మా" అన్నాడట. చెల్లెలు నవ్వలేదు. పక్కగదిలో చెల్లెలి అత్తగారు కొడుకుని తలుచుకుని ఏడుస్తోంది. బతికే ఉన్నాడన్న ఒక్క మాట నువ్వుగింజ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, నోటికొచ్చిన కబురల్లా చెప్పుకుంటూ పోయింది.

ఉన్నట్టుండి చెల్లెలు అక్క మొహంలోకి తేరిపార చూసింది. లేచి మొహం కడుక్కుని కంచం పెట్టుకుంది. తన కబుర్ల మహిమే అనుకుని ఆవిడ మురిసిపోయింది.

మరిది క్షేమంగా ఇల్లు చేరాక, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ చెల్లెలు మెల్లగా అంది, "నువ్వు ఆ రోజే చెప్పేశావుగా అక్కా."

"నేనా! ఏం చెప్పానే?"

"దర్జీ కథ రెండుసార్లు చెప్పావు. నువ్వు చెప్పిందే మళ్లీ చెప్పగా పుట్టి బుద్ధెరిగి వినలేదు. అప్పుడే అనుకున్నా, నీ మనసింకెక్కడో ఉంది, నీకేదో తెలుసని. రెండోసారి కూడా చివర్లో పకపకా నవ్వావు. ఆయనకేమైనా అయ్యుంటే నీకు నవ్వొస్తుందా?"

వాడిన పేజీనే మళ్లీ వాడేసిందన్నమాట! ఆవిడ గబగబా వెళ్లి వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరితోనైనా అన్నావటే?"

"నా నోట్లో నానుతుందిలే అక్కా," అంది చెల్లెలు గిన్నె బోర్లిస్తూ. "పక్కగదిలో అత్తయ్య ఏడుస్తుంటే కూడా నానింది."